రెండో గ్లాసు పందెం

దెల్ఫీనాకి అన్నగారు పెట్టిన పందెం చాలా చిన్నది. శనివారం వచ్చే పన్నెండుమందిలో ఒక్కరు, ఒకే ఒక్కరు, ఎవరూ బతిమాలకుండా తమంత తాము "ఇంకో గ్లాసు పొయ్యండి" అని అడిగితే పై వాలులో నాన్న నాటిన, నెబ్బియోలో అనే రకం ద్రాక్ష తీగలు ఉంటాయి. అడగకపోతే సోమవారం పొద్దున్న నేల తవ్వే జెర్మానో తన పొక్లెయిన్ తోలుకొచ్చి ఆ పద్నాలుగు వరసలూ వేళ్లతో సహా పీకేస్తాడు. వాటి చోట హేజల్‌నట్ మొక్కలు వేస్తారు. నేల ఇద్దరి పేరు మీదా ఉంది గనక కాగితం మీద ఆవిడా సంతకం పెట్టాలి. ఓడితే పెడతానని ఒప్పుకుంది.

ఒప్పుకోక ఏం చేస్తుంది! నాలుగేళ్లుగా శనివారం శనివారం కొండ కింద నుంచి బస్సులు వస్తూనే ఉన్నాయి, జనం దిగుతూనే ఉన్నారు, అన్నగారు నేలమాళిగలో తెల్లటి బట్ట పరిచి వైన్ పోస్తూనే ఉన్నాడు. తాగినవాళ్లలో ఒక్కడంటే ఒక్కడు రెండో గ్లాసు అడిగిన పాపాన పోలేదు. మొహమాటస్థులు పోతూ పోతూ ఒక సీసా కొనుక్కునేవారు. అది వాళ్లింట్లో అల్మారా మీద దుమ్ము కొట్టుకుంటూ ఉంటుందని దెల్ఫీనాకి తెలుసు, అన్నగారికీ తెలుసు.

అన్నగారు ఎవాజియో చెడ్డవాడేం కాదు. అరవై ఆరేళ్ల మనిషి, పని రాక్షసుడు. కాకపోతే తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.

"హేజల్‌నట్ నోట్లో వేసుకున్నవాడు ఎవడైనా మొహం చిట్లిస్తాడా?" అన్నాడు పందెం వేసిన రోజున. "చంటిపిల్లలు కూడా నవ్వుతూ తింటారు. నాన్న నాటిన తీగల వైన్ నా చేత్తో నేను పోస్తుంటే, నా ఎదురుగానే పూలకుండీలో ఒంపేస్తున్నారే! ఇంక నా వల్ల కాదు. పీకేస్తే పీడా పోతుంది."

ఆ మాట విన్నాక దెల్ఫీనాకి కోపం రావలసింది పోయి జాలేసింది. అందుకే ఒప్పుకుంది.

ఒప్పుకోవడమైతే ఒప్పుకుంది. తొమ్మిదేళ్ల వయసు నుంచీ ప్రతి చలికాలం చివర్లోనూ ఆ తీగలన్నిటినీ వంచి విల్లో చెట్టు లేత కొమ్మలతో కట్టేది ఆవిడే. ఆ కొండల్లో తీగలు కట్టడం ఆడవాళ్ల పని. యాభై ఏళ్లు కట్టగా బొటనవేలు కాయ కాచింది. ఏ తీగ ఎటు వంచితే ఊరుకుంటుందో, ఏది మొండికేస్తుందో, ఏ వరసలో గాలి ఎక్కువో కళ్లు మూసుకుని చెప్పగలదు. అలాంటి తీగల్ని ఇనప పళ్లతో లాగిపారేస్తారంటే ప్రాణం ఉసూరుమనదూ?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో వైన్ రుచి చూపించడానికి ఒక పద్ధతి ఉంది. నాన్న పెట్టిన పద్ధతి. నాన్న రోజుల్లో వైన్ కొనేది దళారులు. వాళ్లు పొద్దున్నే పరగడుపున వచ్చేవారు. చల్లటి నేలమాళిగలో, పీపాలోంచి అప్పటికప్పుడు తీసిన కొత్త వైన్ పుక్కిలించి, ఉమ్మేసి, ధర చెప్పేవారు. బల్ల మీద రొట్టె ముక్క కనపడిందంటే టోపీ పెట్టుకుని లేచిపోయేవారు. రొట్టెతో పోసేవాడు వైన్‌లో ఏదో లోపం దాస్తున్నాడని లెక్క. అందుకని అతిథి ముందు ఒట్టి గ్లాసు, ఒట్టి వైన్, చుట్టూ నిశ్శబ్దం. అదే గౌరవం. దళారులు పోయి పాతికేళ్లయింది. పద్ధతి మాత్రం పోలేదు. ఎవాజియో ప్రతి శనివారం పది గంటలకి బస్సు దిగిన ప్రతి మనిషికీ, పాపం, ఆ గౌరవమే చేసేవాడు.

ఆ శనివారం వచ్చినవాళ్లు టొరీనో నగరంలో ఒక ఆసుపత్రిలో పనిచేసేవాళ్లు. నర్సులు, వార్డు బాయ్‌లు, ఎక్స్‌రే తీసేవాళ్లు. రెడ్ వైన్ ముట్టి ఎరగని బాపతు. సాయంత్రాలు నారింజరంగు సోడాల్లాంటివి గొట్టంతో పీల్చడం అలవాటు. అందరికంటే ముందు దిగింది నోయేమి. ముప్పయ్యేళ్ల హెడ్ నర్సు, ముక్కుపుడక, వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి వినపడే గొంతు. ఆ వెనకాల ఇవానో. స్ట్రెచర్లు తోసే మనిషి, తలుపులో పట్టనంత శరీరం, దానికి తగని సిగ్గు.

ఎవాజియో తన పెళ్లినాటి కోటు వేసుకుని గ్లాసులు నింపాడు. దెల్ఫీనా పక్కనున్న వంటింట్లో తలుపు ఓరగా తీసి చెవులు రిక్కించుకుని నిలబడింది.

"పెద్దాయనా, ఇందులో ఐస్ వేసుకోవచ్చా?" అంది నోయేమి.

"అమ్మాయ్, ఇది నిమ్మసోడా కాదు," అన్నాడు ఎవాజియో, మాటలు పళ్ల మధ్య నుంచి వదులుతూ.

పన్నెండుమందీ గ్లాసులెత్తారు. ఒక్క గుక్క. అంతే! పన్నెండు మొహాలూ ఆముదం తాగినట్టయ్యాయి.

"బాబోయ్!" అంది నోయేమి. "నాలిక్కి ఎవరో ఉన్ని స్వెట్టర్ తొడిగినట్టుందే!"

"ద్రాక్ష పళ్లు పారేసి గింజలు నమిలినట్టుంది," అన్నాడు ఇవానో నెమ్మదిగా.

"నెబ్బియోలో అంటే వగరు ఉంటుంది," అన్నాడు ఎవాజియో. "ఇది రెండేళ్లది. మెత్తబడాలంటే ఎనిమిదేళ్లు ఆగాలి."

"అయితే ఎనిమిదేళ్ల తర్వాతే వస్తాం లెండి," అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ గొల్లుమన్నారు.

ఎవాజియో మెడ ఎర్రబడటం దెల్ఫీనాకి తలుపు సందులోంచి కనపడింది. అయిపోయింది, అనుకుంది. సోమవారం ఎంతో దూరంలో లేదు.

పొయ్యి దగ్గరికి వచ్చేసింది. మనసు బాగాలేనప్పుడు ఆవిడ చేసే పని ఒకటే, తినడం. ఆదివారం కోసమని ముందురోజు నాలుగు పళ్లేల నిండా ప్లిన్ చేసి పెట్టుకుంది. వేయించిన మాంసం, ఆకుకూర కూరి వేలితో నొక్కి మూసే చిన్న చిన్న పిండి మడతలవి. ఓ గుప్పెడు మరిగే నీళ్లలో వేసి, తేలగానే తీసి, గిన్నెలో వేసుకుంది. తెల్లవారుజామునే పీపా నుంచి తెచ్చి వంటింటి వెచ్చదనంలో ఉంచిన కూజాలోంచి వైన్ వాటి మీద పోసింది. మిరియాలు, ఇంత జున్ను పొడి. ఆ ఇంట్లో తాతల నాటి తిండి అది. చలిలో పొలం నుంచి వచ్చినవాళ్లు గిన్నెని రెండు చేతులా పట్టుకుని, వేళ్లు కాచుకుంటూ, నిలబడే తినేవారు. అయితే ఇది కూలివాళ్ల తిండనీ, బయటివాళ్ల కంట పడితే పరువు తక్కువనీ అమ్మ నూరిపోసింది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా!

రెండు ముక్కలు నోట్లో వేసుకుందో లేదో తలుపు ధడాలున తెరుచుకుంది.

"అక్కా, కాసిని మంచినీళ్లు! నోరు పిడచకట్టుకుపోయింది," అంటూ నోయేమి వచ్చిపడింది.

దెల్ఫీనా గబుక్కున గిన్నె వీపు వెనక పెట్టుకుంది.

"ఏంటది?"

"ఏం లేదమ్మా."

"మా వార్డులో మాత్రలు మింగకుండా దాచే ముసలాళ్లు ముప్పైమంది ఉన్నారక్కా. నా దగ్గరా? చూపించండి."

చూపించక తప్పలేదు. నోయేమి వాసన చూసింది. "ఒకటి తిననా?" అని అడిగి ఒకటి తింది. అడక్కుండా రెండోది తింది. ఆ తర్వాత లెక్కలేదు. చివరికి గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగున ఉన్నదంతా గటగటా తాగేసి పెదాలు తుడుచుకుంది.

"అబ్బ! ఏం పులుసక్కా ఇది?"

"పులుసు కాదు."

"మరి?"

"ఇందాక నువ్వు తిట్టిపోసిన వైనే."

"చాల్లెండి, అబద్ధం."

దెల్ఫీనా కూజా చూపించింది. నోయేమి వంగి వాసన చూసింది, వేలు ముంచి నాకింది, మళ్లీ చూసింది. తర్వాత నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీసింది.

"మరి మమ్మల్ని ఆ చలి గదిలో కూర్చోబెట్టి, ఉత్త కడుపున ఒట్టిది తాగించారేం? ఏం పాపం చేశాం మేము? మీ సరుకులో తప్పులు పట్టడానికొచ్చామా ఏంటి?"

దెల్ఫీనాకి దళారులు గుర్తొచ్చారు. తప్పులు పట్టడానికి వచ్చేవాడు దళారి. తప్పు దొరికితేనే వాడికి ధర తగ్గుతుంది, అందుకే ఒట్టిది తాగుతాడు. ఈ పిల్లలు ఆ పనిమీద రాలేదు. వారమంతా రోగుల్ని ఎత్తీ దించీ ఒక్కపూట సంతోషంగా ఉందామని వచ్చారు. వాళ్లని నాలుగేళ్లుగా దళారుల బల్ల దగ్గర కూర్చోబెట్టాం! ఎంత మొద్దు బుర్రలం!

గోడవతల కుర్చీలు జరుగుతున్న చప్పుడు వినిపించింది. లేచి వెళ్లిపోతున్నారు.

"అయ్యో, వెళ్లిపోతున్నారే! నీళ్లు మరగడానికి ఇంకో పది నిమిషాలైనా పడుతుంది," అంది దెల్ఫీనా.

"ఆ సంగతి నాకొదిలెయ్యండి," అంది నోయేమి. తలుపులోంచి తల బయటపెట్టి అరిచింది. "కుర్చీలోంచి లేచినవాళ్లకి వచ్చే వారం రాత్రి డ్యూటీలన్నీ వేసేస్తాను. డ్యూటీ చార్టు రాసేది ఎవరో గుర్తుందిగా?"

కుర్చీల చప్పుడు ఆగిపోయింది.

నాలుగు పళ్లేల ప్లిన్ మొత్తం మరిగే నీళ్లలో పడింది. దెల్ఫీనా చెయ్యి తిరిగిన వేగం చూసి నోయేమే నోరెళ్లబెట్టింది. పది నిమిషాల తర్వాత ఒకరు పొగలు కక్కే గిన్నెతో, ఒకరు చంకలో రొట్టెలూ చేతుల్లో కూజాతో నేలమాళిగలోకి వచ్చారు.

ఎవాజియో కళ్లు ముందు రొట్టెల మీద పడ్డాయి.

"ఏమే! మతి పోయిందా? ఈ బల్ల మీద రొట్టా? నాన్న చూస్తే ఏమనేవాడు?"

"నాన్న దళారులకి పోశాడన్నయ్యా. ఈ పన్నెండుమందిలో దళారి ఎవరో చూపించు."

"లోపం దాస్తున్నామనుకుంటారే!"

"ఎవరనుకుంటారు? అనుకునేవాళ్లు పాతికేళ్ల కిందటే పోయారు. సరే, నువ్వు చెప్పు. నీ జన్మలో ఈ వైన్ ఎప్పుడైనా పరగడుపున, ఒట్టిది, సరదాకి తాగావా? ప్రమాణం చేసి చెప్పు."

ఎవాజియో కోటు గుండీలు సవరించుకోవడంలో పడ్డాడు.

"తాగలేదు," అంది దెల్ఫీనాయే. "ఈ ఇంట్లో ఎవ్వరూ తాగలేదు. మనం తాగని తీరులో వీళ్లచేత తాగించి, వీళ్ల మొహాలు బాగాలేవని నువ్వు ఏడుస్తున్నావు. ఇంక పక్కకి జరుగు."

యాభై తొమ్మిదేళ్లలో అన్నగారిని పక్కకి జరగమనడం అదే మొదలు. ఆయన జరిగాడు కూడా, ఆశ్చర్యంలో.

దెల్ఫీనా వరసగా పన్నెండు గిన్నెలు పెట్టి ప్లిన్ వడ్డించి వాటి మీద వైన్ పోసింది. ఎవాజియో "గిన్నెలోనా!" అని ఒక కేక పెట్టి, ఓ పీపా మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. తినడంలో ఉన్నారు. గదిలో ఎంతటి నిశ్శబ్దమంటే చెంచాల చప్పుడు తప్ప ఇంకేం లేదు. కానీ ఇందాకటి నిశ్శబ్దం వేరు, ఇది వేరు. ఆకలి తీరుతున్నప్పటి నిశ్శబ్దం వంట చేసే మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

"నమిలి మింగేశాక కాదు నాయనా," అని ఇవానో భుజం తట్టింది దెల్ఫీనా. "నోట్లో ముద్ద ఉండగానే గిన్నెలోంచి ఓ గుక్క తాగు. కొవ్వు దొరికితే వగరు దాన్ని పట్టుకుంటుంది. దొరక్కపోతే నీ నాలికని పట్టుకుంటుంది."

"అంటే మా హెడ్ నర్సులాగే అన్నమాట," అన్నాడు ఇవానో. "రోగులు దొరికితే మమ్మల్ని వదిలేస్తుంది."

గది దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా నవ్వింది నోయేమే.

గిన్నెలు ఖాళీ అయ్యాయి. నాకినంత శుభ్రంగా అయ్యాయి. ఎవాజియో పీపా మీద నుంచి లేచి చెల్లెలి చెవి దగ్గరికి వచ్చాడు.

"గిన్నె లెక్కలోకి రాదు. పందెం గ్లాసు మీద."

"రాదనే అనుకో," అంది దెల్ఫీనా పైకి ధీమాగా. బతిమాలకూడదు, పొయ్యమంటారా అని అడగకూడదు, కూజా చూపించి కనుసైగ కూడా చెయ్యకూడదు. బల్ల మీద జున్ను ముక్కలూ రొట్టే పెట్టి, "ఇందాకటి గ్లాసులు అలాగే వదిలేశారుగా, పారబొయ్యడం ఎందుకు, వీటితో కానివ్వండి," అని మాత్రం అంది.

వాళ్లు అనుమానంగానే ఎత్తారు. జున్ను కొరికారు, చిన్న గుక్క వేశారు. ఎక్స్‌రే తీసే ముసలాయన గ్లాసు వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఇది మార్చారు. ఇందాకటిది కాదు."

"మార్చలేదు బాబూ. అదే గ్లాసు. నువ్వు మొహం చిట్లించి వదిలేసిందే అందులో ఉంది," అంది దెల్ఫీనా.

"గులాబీల వాసనొస్తోంది," అన్నారొకరు. "గులాబీలేంటి, చెర్రీ పళ్లయితేనూ," అన్నారు ఇంకొకరు. "మా తాత తోలు బెల్టు," అన్నాడు ఇవానో, అని, ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ నవ్వలేదు. అందరూ ముక్కులు గ్లాసుల్లో పెట్టి తోలు బెల్టు కోసం వెతుకుతున్నారు. ఎవాజియో ఆ దృశ్యం చూస్తూ నిలువుగుడ్లేసుకుని ఉండిపోయాడు.

ఒక్కొక్క గ్లాసే ఖాళీ అయింది. అన్నీ అయిపోయాయి.

అక్కడితో ఆగిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు. బయట బస్సు హారన్ మోగింది. వాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని, "చాలా బాగుందండీ", "థాంక్సండీ" అంటూ కోట్లు అందుకోసాగారు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ పెట్టడానికి అమ్మ సిద్ధంగానే ఉంది, అడిగే బిడ్డే లేడు. దెల్ఫీనా ఖాళీ గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టసాగింది. రెండు చేతులా వడ్డించాను, నవ్వుతూ తిన్నారు, అయినా నా తీగలు పోతున్నాయే అని ఏడుపొచ్చింది. మెట్ల దాకా వెళ్లినవాళ్లు వెళ్లారు కూడా.

ఇవానో మాత్రం కదల్లేదు. గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. అంత మనిషీ చెవుల దాకా ఎర్రబడిపోయి ఎవాజియో ముందు నిలబడ్డాడు.

"పెద్దాయనా... అడిగితే బాగుండదేమో గానీ... ఇంకో గ్లాసు పోస్తారా?"

దెల్ఫీనా చెవులని నమ్మలేదు.

ఎవాజియో కూడా నమ్మలేదు. "ఏమన్నావ్?"

"అదే... తప్పయితే వద్దులెండి."

"తప్పేంటయ్యా! ఇప్పటిదాకా ఎందుకు అడగలేదు?"

"ఎలా అడుగుతామండీ? తెల్లటి బట్ట, నిశ్శబ్దం, మీ కోటు... చర్చిలో ఉన్నట్టుంది. చర్చిలో రెండోసారి పొయ్యమని ఎవరైనా అడుగుతారా?"

"నేనూ అడుగుదామనే అనుకున్నాను," అంది నోయేమి మెట్ల మీద నుంచి. "ఈయన మొహం చూసి భయమేసి నోరు మూసుకున్నా. ఇవానోకి పోస్తే నాకూ పొయ్యాలి, చెప్తున్నా!"

"నాకూ!" "నాక్కూడా!" మెట్లెక్కినవాళ్లందరూ బిలబిలమంటూ దిగొచ్చారు. పన్నెండు చేతులు, పన్నెండు గ్లాసులు. బయట హారన్ మళ్లీ మోగింది. "కాసేపు మోగనియ్యండి!" అని అరిచింది నోయేమి.

ఎవాజియో కూజా అందుకున్నాడు. ఆ హడావుడిలో కొంత వైన్ తెల్లటి బట్ట మీద పడింది. పడితే పడిందని ఆయన అనడం దెల్ఫీనా పుట్టి బుద్ధెరిగాక వినలేదు, ఆ రోజు వింది. ఇవానో గ్లాసు అంచుల దాకా నింపాడు. నోయేమికి నింపాడు. ఎక్స్‌రే ముసలాయనకి నింపుతూ, "గులాబీలన్నది నువ్వేనా? సరిగ్గా పట్టావయ్యా!" అని వీపు చరిచాడు. కూజా ఖాళీ అయింది. ఆ వెంటనే గ్లాసులూ ఖాళీ అయ్యాయి. "మూడోది అడిగితే ఏం అనుకోరుగా?" అన్నారెవరో. ఆ మాటతో ఎవాజియో పెళ్లినాటి కోటు విప్పి మూలకి విసిరేసి, చొక్కా చేతులు మడిచి, స్వయంగా పీపా దగ్గరికి పరిగెత్తాడు. ఆ వయసులో పరుగు!

దెల్ఫీనా ఏడుస్తోంది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. యాభై ఏళ్ల చాకిరీ ఫలితం పన్నెండుమంది కళ్లల్లో మెరుస్తుంటే ఏడవక ఏం చేస్తుంది? నోయేమి వచ్చి గట్టిగా వాటేసుకుంది. ఎందుకేడుస్తోందో ఆ పిల్లకి తెలియదు. అయినా వాటేసుకుంది.

నిండిన కూజా బల్ల మీద పెట్టి ఎవాజియో ఫోను తీశాడు. అందరి ముందూ, నేలమాళిగ మోగిపోయే గొంతుతో మాట్లాడాడు.

"జెర్మానో! సోమవారం రావద్దు... రావద్దంటే రావద్దనే! ...డీజిలు పోయించేశావా? అయితే నీ పెరడు తవ్వుకో! ...ఏం జరిగిందా? రెండో గ్లాసు అడిగారయ్యా! ఒకరు కాదు, పన్నెండుమంది! మూడోది కూడా అడిగారు! ...ఆఁ, తాగే మాట్లాడుతున్నాను, అయితే ఏంటి?"

ఫోను పెట్టేసి చెల్లెలి వైపు తిరిగాడు. క్షమించమని అడగడం ఆయనకి చేతకాదు, ఎప్పుడూ చేతకాలేదు.

"పై వాలులో ఆరో వరసలో నాలుగు తీగలు ఎండిపోయాయి. చూశావా?"

"చూశాను. రెండేళ్లయింది ఎండి."

"సోమవారం పొద్దున్నే వెళ్దాం. కొత్తవి నాటాలి."

"గోతులు నువ్వు తవ్వు," అంది దెల్ఫీనా కళ్లు తుడుచుకుంటూ. "కట్టడం నేను చూసుకుంటాను."